క్యాటలిటిక్ కన్వర్టరు వారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ క్యాటలిటిక్ కన్వర్టరు గారికి,

విశాఖపట్నం నుంచి ఒక కొత్త కారు యజమాని నమస్కరించి రాసుకున్న విన్నపం. ప్లాటినం, పల్లేడియం, రోడియం ఒంటికి పూసుకుని, ఇంజన్ పొగలోని విషవాయువులను శుద్ధి చేస్తూ కారు అడుగున కొలువున్న తమరు, సింహాచలం కొండ ఎక్కిన ప్రతిసారీ కుళ్లిన కోడిగుడ్డు కంపుతో తమ ఉనికిని చాటుకోవడం వల్ల, వెనక సీటులోని పెద్దలు ఒకరినొకరు అనుమానంగా చూసుకోవలసి వస్తోంది. బీచ్ రోడ్డులోనైతే నెపాన్ని చేపల రేవు మీదికి నెట్టవచ్చు. దేవుడి కొండ మీద ఎవరి మీదికి నెట్టగలం?

తమరి వ్యవహారం విచారించాను. 2020 ఏప్రిల్ 1న వచ్చిన, వాహనాల కాలుష్యానికి హద్దు పెట్టే బీఎస్-6 నిబంధన పెట్రోలులో గంధకాన్ని కిలోకు 50 మిల్లీగ్రాముల నుంచి 10కి దించింది. ఆ మిగిలిన కాస్త గంధకాన్నీ తమరు సరుకు దాచే షావుకారులా సీరియం ఆక్సైడు పూతలో పోగుచేసి, ఘాట్ రోడ్డులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కడంతో ఇంజన్‌లో గాలి పాలు తగ్గి పెట్రోలు పాలు పెరిగి, తమ ఒళ్లు బాగా కాగిన అదను చూసి, కోడిగుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడుగా ఒక్కసారే విడుదల చేస్తారు. వందకోట్ల పాళ్లలో కొద్ది పాళ్లున్నా మనిషి ముక్కు దాన్ని పసిగడుతుంది. పూత కొత్తగా ఉన్న రోజుల్లో తమరికి ఈ ఉత్సాహం మరీ ఎక్కువట.

పొగగొట్టంలోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు కాబట్టి, అది ప్రాణాలు తీసేదైనా ఎవరూ ముక్కు మూసుకోలేదు. దాన్ని కార్బన్ డయాక్సైడుగా మార్చే తమరి మీద మాత్రం ఇంటిల్లిపాదీ నేరం మోపుతున్నారు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే యంత్రమూ కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బన్ల లెక్క చూసి పాసు చేసింది. కోడిగుడ్డు కంపుకు ఆ కాగితంలో గడి లేదు.

అయితే ఈ మధ్య మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర, చదును రోడ్డు మీద ఊరికే ఆగి ఉన్నప్పుడు కూడా కంపు వస్తోంది. ఇందులో తమరి దోషం లేదు. పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే ఆక్సిజన్ సెన్సర్ తప్పుడు లెక్క చెప్పడం వల్లనో, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ కారడం వల్లనో ఇంజన్‌లోకి పెట్రోలు అవసరానికి మించి పోతూ ఉండాలి; పట్టించుకోకపోతే, కాలకుండా వచ్చిన పెట్రోలు తమ గర్భంలో మండి, లోపలి సన్నని గదులు కరిగిపోయే ప్రమాదం ఉంది. ఈ మాటే సర్వీసు సెంటర్‌లో చెబితే, వారు సావధానంగా విని, డ్యాష్‌బోర్డుకు మల్లెపూల సెంటు సీసా తగిలించి, దానికీ బిల్లు వేశారు.

కనుక తమరు ఆ మల్లెపూలకు లొంగక, సెన్సర్‌ను ఎవరైనా విప్పి చూసేవరకు ఇంతే నిష్ఠతో కంపు కొడుతూ ఉండవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు