సవరణ: దేవుడి న్యాయం, మన ఫిర్యాదు

దేవుడి న్యాయాన్ని నమ్మమని చెబుతూ, మొన్నటి పోస్టులో భద్రాచలం రాముడి గుడి కట్టించిన భక్తుడు రామదాసు గోల్కొండ చెరసాలలో పడ్డ బాధ గురించి రాశాను. అది చదివి, జీతం ఎగ్గొట్టిన యజమానిని కూడా దేవుడికే వదిలేయాలా అని కూకట్‌పల్లి నుంచి ఒక చెల్లెమ్మ అడిగింది.

వద్దమ్మా. రామదాసు, అంటే కంచర్ల గోపన్న, 12 ఏళ్లు ఖైదులో ఉన్నాడంటారు. అన్నాళ్లూ ఆయనేమీ నోరు మూసుకుని కూర్చోలేదు. తన పాటల్లో, రాముడి గుడికి చేయించిన నగల ఖర్చు లెక్కలు చెప్పి రాముణ్ణే నిలదీశాడు, తిట్టాడు, దెబ్బలకు ఓర్వలేక తిట్టానని మళ్లీ వేడుకున్నాడు. వింటాడన్న నమ్మకం లేనివాడు అంతగా పోట్లాడడు. ఆయనలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

లేబర్ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వు, జీతం స్లిప్పులు దాచుకో. ఆలస్యమై టెన్షన్‌తో నిద్ర పట్టకపోతే దేవుణ్ణి గట్టిగానే అడుగు. ఆయనకు వదిలేయమన్నది పగ ఒక్కటే.