చెవి తెగిన మూలపురుషుడు

మొన్న గురువారం జరిగింది, మంట ఇంకా చల్లారలేదు. మసాచుసెట్స్‌లో మా పక్కింట్లో ఎనభై దాటిన బామ్మగారు ఒకావిడ ఉన్నారు. వాళ్ళ మూలపురుషుడు 1630లలో ఇంగ్లండ్ నుంచి ఓడెక్కి వచ్చాడట, పేరు జాన్. ఆయన్ని కాగితం మీద చూసుకోవాలని ఆవిడ కోరిక. "మా ఆయన కంప్యూటర్ మనిషి, ఇట్టే వెతికిపెడతాడు" అని మా ఆవిడ నన్ను అడక్కుండానే మాటిచ్చేసింది. తద్దినం రోజు మూడు తరాల పేర్లు చెప్పమంటే మూడో పేరు దగ్గర అమ్మకు ఫోన్ చేసే మనిషిని నేను.

కంప్యూటర్ చేతులెత్తేసింది. ఓడలు ప్రయాణికుల జాబితా ప్రభుత్వానికి ఇచ్చి తీరాలన్న చట్టం అమల్లోకి వచ్చిందే 1820లో, అంతకు ముందెప్పుడో దిగినవాడికి ఊరి పుస్తకాలే గతి. అవి టౌన్ క్లర్క్ ఆఫీసులో ఉన్నాయి. ఆఫీసు వారానికి రెండు పూటలే, పెన్ను తేకూడదు, పెన్సిలే, ఆ పెన్సిలు వాళ్ళివ్వరు. జనవరి నుంచి మార్చి 24 దాకా తేదీలకు 1683/84 అని జంట సంవత్సరాలు. అప్పట్లో వాళ్ళ కొత్త సంవత్సరం మన ఉగాదిలా మార్చిలో, 25న వచ్చేదట, 1752 దాకా అంతేనట. ఈ ముక్క చెప్పడానికి క్లర్కమ్మకు నలభై నిమిషాలకు గానీ మనసు రాలేదు.

అప్పుడు దొరికాడు జాన్. గొలుసుకట్టు రాతలో ఒక్క పంక్తి: జాన్ గుర్తు, ఎడమ చెవి కొస కోత, కుడి చెవి కింద అర పెన్నీ.

గుర్తు అనగానే నాకు పదో తరగతి సర్టిఫికెట్ తట్టింది. కుడి మోచేతి మీద పుట్టుమచ్చ అని రాయించుకున్న జాతి కదా మనది, చొక్కా విప్పించి మరీ మచ్చలు వెతికిన హెడ్‌మాస్టర్లు కళ్ళ ముందు మెదిలారు. సరే, పుట్టుమచ్చ దేవుడు పెడతాడు, చెవి కోసిందెవరు? ఆ ముందు రాత్రే చదివాను, 1658లో బోస్టన్‌లో క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళు ముగ్గురికి మతం పేరు చెప్పి కుడి చెవులు కోశారని. ఇక్కడ ఎడమ అని ఉంది, అయితే ఏం, రాసినవాడు ఎదురుగా నిలబడి చూసుంటాడు. అర పెన్నీ ఏమిటంటే జరిమానా. చెవీ కోసి డబ్బూ వసూలు చేశారన్నమాట దుర్మార్గులు! లేచి నిలబడి బామ్మగారికి ఇదంతా చెప్పాను, చేతులు తిప్పుతూ, గొంతు కాస్త వణికిస్తూ. ఆవిడ కళ్ళు తుడుచుకుని, అక్కడికక్కడే ఒహాయోలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి "మనం వీరుడి సంతతి" అన్నారు.

క్లర్కమ్మ అప్పటిదాకా సాండ్‌విచ్ తింటూ వింటూనే ఉంది. మొత్తం తిన్నాక, మూతి తుడుచుకుని, ఒక పేజీ వెనక్కి తిప్పి పైన రాసింది చూపించింది. పశువుల చెవి గుర్తులు.

ఊళ్ళో ఆవులూ పందులూ కలిసి మేసేవట, ఎవరివి ఎవరివో తెలియడానికి ఒక్కో ఇంటికి ఒక్కో కోత, అది ఊరి పుస్తకంలో రాయించుకోవాలి. అర పెన్నీ అంటే చెవి అంచున అర్ధచంద్రంలా తీసే గాటు. తప్పిపోయిన పశువులకు బందెలదొడ్డి కూడా ఉండేదట. బందెలదొడ్డి నాకు చెప్తోంది! మేకలకు మా తాతయ్య చెవి గాట్లు పెడుతుంటే కాళ్ళు పట్టుకున్నది ఎవరనుకుంది? ఇంతకీ ఆ పేజీ నేను లేచి నిలబడకముందే తిప్పి ఉండొచ్చుగా.

కారులో బామ్మగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మళ్ళీ చెల్లెలికి ఫోన్ చేశారు. స్పీకర్ పెట్టలేదు, అయినా అవతలి నవ్వు నాకు వినపడింది.

ఇంటికొచ్చాక మా ఆవిడ "జాన్ దొరికాడా?" అంది.

"ఆవు దొరికింది" అన్నాను.