ఒక్క మాటతో లొంగారట!

ఇప్పుడే ఇంకో రీలు. ఢమఢమ సంగీతం, గుర్రం మీద రోమన్ సేనాని సీజర్, కింద అక్షరాలు: "రూబికాన్ దాటడానికి గుండె కావాలి." అయ్యా, అదో చిన్న నది, సైన్యంతో అది దాటితే రోమ్ మీద తిరుగుబాటే. దాటడానికి కావాల్సింది గుండె కాదు, వెనకాల 13వ లీజియన్, అంటే వేలమంది సిపాయిల దళం. అది ఎందుకు వెంట నడిచిందో ఒక్కడూ అడగడు.

పోనీ అదేమైనా కొత్త పనా? అంతకు 39 ఏళ్ల ముందే, క్రీ.పూ. 88లో, సుల్లా అనే మరో సేనాని ఆరు లీజియన్లతో దక్షిణ ఇటలీలోని నోలా నుంచి రోమ్ మీదికి వచ్చాడు. ఆసియాలో పాంటస్ రాజు మిత్రిడేటీస్ మీద యుద్ధాన్ని సుల్లా చేతిలోంచి లాగి అతని ప్రత్యర్థి మారియస్‌కి కట్టబెట్టారు. మారియస్ తన మనుషుల్ని తీసుకెళ్తే ఆసియా దోపిడీ వాళ్లకీ, నోలా దుమ్ము మనకీ అని సిపాయిలు లెక్కేసుకున్నారు. సైన్యాన్ని అప్పజెప్పమని వచ్చిన ట్రిబ్యూన్లను (సైనికాధికారులను) రాళ్లతో కొట్టి చంపారు. సుల్లా అధికారుల్లో ఒక్క క్వెస్టర్ (ఖజానా చూసే అధికారి) తప్ప అందరూ తప్పుకున్నారు. సిపాయిలు మాత్రం దర్జాగా నడిచారు.

ఇక రోమన్ చక్రవర్తి గాల్బా. "నేను సైనికుల్ని ఎంచుకుంటాను, కొనను" అన్న పెద్దమనిషి. డైలాగుకి విజిలేయొచ్చు. కానీ ఆయన పేరు చెప్పి నింఫీడియస్ అప్పటికే తాను నడిపే ప్రిటోరియన్లకు, అంటే చక్రవర్తి అంగరక్షక దళానికి, తలకి 30,000 సెస్టర్సులు (రోమన్ నాణేలు) ఒప్పుకున్నాడు. వాళ్లకి ఏడాది జీతమే సుమారు 3,000! పదేళ్ల జీతం ఆశపెట్టి పైసా రాల్చకపోతే ఊరుకుంటారా? క్రీ.శ. 69 జనవరి 10న, వానలో శిబిరానికెళ్లి, పీసో అనే వాణ్ని వారసుడిగా దత్తత తీసుకున్నానన్నాడు. డబ్బు ఊసే లేదు. 15న రోమ్ నడిబొడ్డున, ఫోరంలో, గాల్బా తల తెగింది. ఆ పొద్దున గద్దె మీద కన్నేసిన ఓథోని చక్రవర్తీ అని మొదట పిలిచింది 23 మంది. పెళ్లివారి మినీబస్సుకి సరిపోతారు.

తర్వాతది ఇంకా ఘోరం. "ఆ చంపుడులో మా చెయ్యి కూడా ఉంది, బహుమానం ఇప్పించండి" అని 120కి పైగా అర్జీలు! ఆ కట్ట ఓథో తర్వాత చక్రవర్తి అయిన విటెలియస్ చేతికి చిక్కింది. పేర్లు వెతికించి అందర్నీ చంపించాడు. గాల్బా మీద జాలితో కాదు, రేపు తన వంతు రాకూడదని.

అసలు నా మంట ఈ రీలు మీద కాదులెండి. ఆ "క్విరిటీస్" కథ మీద. క్రీ.పూ. 47లో తిరగబడ్డ సైనికుల్ని సీజర్ "సైనికులారా" అనకుండా "పౌరులారా" అన్నాడట, వాళ్లు ఏడ్చి కాళ్లమీద పడ్డారట. ప్రతి నాయకత్వ శిక్షణలోనూ ఇదే సోది. అప్పటికే వాళ్లు దారిలో ఇద్దరు సెనేటర్లను చంపారన్నది ఎగరగొడతారు. ఇస్తానన్న బహుమానాల బాకీ మొత్తం ఆఫ్రికా యుద్ధం అయ్యాక తీరుస్తానని సీజర్ ఒప్పుకున్నదీ ఎగరగొడతారు. తీర్చాడు కూడా, మరుసటి ఏడాది విజయోత్సవాల్లో తలకి తక్కువలో తక్కువ 5,000 దినారియస్‌లు (వెండి నాణేలు). వాళ్ల ఏడాది జీతం 225. ఇరవై ఏళ్లకు పైబడిన జీతం లెక్కపెట్టి చేతిలో పోస్తే, పౌరులారా అన్నా పడతారు, గాడిదల్లారా అన్నా పడతారు.