నీతి వాక్యం అతికించకండి
ఉత్తర అమెరికా ఆదివాసులైన అబెనాకీల జంతు కథలను "పంచతంత్రంలాగే చివర నీతి చెప్పే కథలు" అన్నారు మీ వ్యాసంలో. అక్కడే పేచీ. వీటిలో నీతిని విడదీసి చెప్పరు, జంతువు ఒంటి మీదే చూపిస్తారు. వాళ్ల కథల్లో నాయకుడైన గ్లుస్కాబె వేట సంచి కథే చూడండి. వేటకు వెళ్తే ఏమీ దొరక్క, అలిగి, సంచి చేసిపెట్టమని అవ్వను అడుగుతాడు. ఆ అవ్వ ఒక ఉడ్‌చక్, అంటే బొరియల్లో ఉండే జంతువు. జింక వెంట్రుకలతో అల్లితే వద్దంటాడు, మూస్ అనే పెద్ద జాతి జింక వెంట్రుకలతో అల్లినా వద్దంటాడు. చివరికి అవ్వ తన పొట్ట మీది బొచ్చు పీకి అల్లుతుంది. అది ఎంత వేసినా నిండని సంచి. లోకం అంతమైపోతోందని అబద్ధమాడి జంతువులన్నిటినీ అందులోకి ఎక్కించేస్తాడు. అవి లోపలే చచ్చిపోతే మన పిల్లల పిల్లలు ఏం తింటారని అవ్వ నిలదీస్తే సంచి మూతి విప్పి వదిలేస్తాడు. ఉడ్‌చక్‌కి పొట్ట మీద బొచ్చు లేకపోవడానికి కారణం ఇదేనట! పిల్లలకు గుర్తుండేది ఆ బోడి పొట్టే. చాలామంది కుదించి చెప్పేటప్పుడు ముందుగా కోసేసేది సంచులు వద్దనే భాగాన్ని. అది పోతే వాడి మొండితనమూ తెలియదు, అవ్వ ఏం పోగొట్టుకుందో కూడా తెలియదు. ఇంకొకటి, ఉడ్‌చక్‌ని "ఉడుత" అని రాయకండి. ఉడుత కుటుంబానిదే అయినా అది బొరియల్లో ఉండే, పిల్లి కంటే బొద్దుగా కనిపించే జంతువు. గుప్పెడంత ఉడుత పొట్ట మీది బొచ్చుతో అంత సంచి ఎలా అవుతుందని పిల్లలే అడుగుతారు. అసలు పేరే ఉంచి, ఒక్క ముక్కలో వర్ణిస్తే సరిపోతుంది.