ధర తగ్గాలి గానీ చిత్రకారుడి కూలి తగ్గకూడదు

"అందరికీ అందే కళ" అనగానే చాలామందికి మొదట తట్టేది ధర తగ్గింపు బోర్డు. చిత్రకారులే కలిసి నడుపుకునే గ్యాలరీకి ఇంతకంటే చేటు చేసే ఆలోచన ఇంకోటి లేదు. నిన్న వంద పెట్టి కొన్నవారికి అదే బొమ్మ ఇవాళ అరవైకి కనిపిస్తే, వాళ్లు మళ్లీ ఆ గుమ్మం తొక్కరు. ధర తక్కువగా ఉండాల్సిందే. కాకపోతే ఆ తగ్గిన సొమ్ము ఎవరి జేబులోంచి పోతోందో ముందు చూసుకోవాలి.

వ్యాపార గ్యాలరీల్లో అమ్మకపు ధరలో సగం దాకా కమిషన్ కింద పోవడం మామూలే. అద్దె, జీతాలు, ప్రచారం అన్నీ అందులోంచే రావాలి. సభ్యులే వంతులవారీగా కూర్చునే చోట జీతాల ఖర్చు ఉండదు కాబట్టి నెల చందాకు తోడు 20-30 శాతం కమిషన్ సరిపోతుంది. చిత్రకారుడి చేతికి 70 రావాలనుకోండి. సగం కమిషన్ ఉన్నచోట బొమ్మ ధర 140 పెట్టాలి, 30 శాతం ఉన్నచోట 100 చాలు. కొనేవారికి మిగిలిన ఆ 40 ఎవరి కడుపూ కొట్టి తెచ్చింది కాదు. దీనికి ఒక్కటే షరతు: ఆ బొమ్మను చిత్రకారుడు తన ఇంటి దగ్గర అమ్మినా అదే ధరకు అమ్మాలి. వెనక గుమ్మంలో చవగ్గా దొరుకుతుందని తెలిశాక గ్యాలరీ ఉత్త చూపుల గదిగా మిగిలిపోతుంది.

రెండో దారి ప్రింట్లు. లినోకట్‌నే తీసుకోండి, అంటే లినోలియం పలక మీద బొమ్మ చెక్కి, ఇంకు పూసి కాగితం మీద అచ్చువేయడం. ఒక పలక చెక్కడానికి రోజులు పట్టవచ్చు, కానీ దాన్నుంచి 30 ప్రతులు తీస్తే ఆ కష్టాన్ని ముప్పైమంది కొనుగోలుదారులు పంచుకుంటారు. ఇంకు పలచగా పరవాలి. రోలర్ కింద సన్నగా చిటచిటమంటుంటే సరిగ్గా ఉన్నట్టు. పచపచమంటూ అంటుకుంటుంటే ఇంకు ఎక్కువైంది, సన్నగీతలు పూడుకుపోతాయి. ఆయిల్ ఇంకు పూర్తిగా ఆరడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి వారం పైనే పడుతుంది. ప్రదర్శన ముందు రాత్రి అచ్చువేసి కవర్లలో దూరిస్తే బొమ్మ కాస్తా కవరుకు అంటుకుపోతుంది. ఆరాక కింది అంచున పెన్సిల్‌తో ఎడమవైపు 7/30 అని, కుడివైపు సంతకం. ముప్పై ప్రతుల్లో ఇది ఏడోది అని దాని అర్థం. పెన్ను వద్దు, చాలా పెన్నుల సిరా వెలిసిపోతుంది. ముప్పై అయ్యాక పలక మీద అడ్డంగా ఒక గాటు పెట్టేయాలి. ముప్పై ఒకటో ప్రతి తీస్తే ముందు కొన్న ముప్పైమందికీ ఇచ్చిన మాట తప్పినట్టే. పెయింటింగ్‌ను ఫొటో తీసి కంప్యూటర్ ప్రింటర్‌లో వేసినవి కూడా అమ్ముకోవచ్చు, తప్పులేదు. కానీ లేబుల్ మీద "నకలు" అని స్పష్టంగా రాయాలి.

ప్రింట్ కంటే దాని ఫ్రేమ్‌కే ఎక్కువ అవ్వడం మామూలు. అందుకే గోడ మీద ఒక్క ప్రతిని ఫ్రేమ్ కట్టి వేలాడదీసి, మిగతావి వెనక గట్టి అట్ట పెట్టి, పారదర్శక కవరులో పెట్టి, కింద పెట్టెలో నిలబెట్టాలి. కొన్నవారికి, ఫ్రేమ్ కట్టించుకునేటప్పుడు పాటించాల్సినవి రాసిన ఒక చీటీ ఇవ్వాలి. అద్దం బొమ్మకు తగలకూడదు, మధ్యలో చెమ్మ చేరితే కాగితం అద్దానికి అతుక్కుంటుంది, లేదా బూజు పడుతుంది. ఆమ్లం లేని మౌంట్ అట్ట, అంటే బొమ్మ చుట్టూ అంచులా వచ్చే మందపాటి అట్ట, మధ్యలో ఉండాలి. కాగితాన్ని పై అంచున మాత్రమే అతికించాలి. చెమ్మకు కాగితం సాగుతుంది, ఎండకు ముడుచుకుంటుంది; నాలుగువైపులా బిగిస్తే ఉబ్బుతుంది. మామూలు సెల్లోటేప్ పచ్చబడి, దాని మరక ఇక పోదు.

పెట్టెలోని ఈ చిన్నవాటిని చిన్నచూపు చూసే చిత్రకారులున్నారు. మద్రాసు దగ్గర 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణికర్ చొరవతో మొదలైన కళాకారుల గ్రామం చోళమండలంలోని కళాకారులు బాతిక్ (మైనంతో గుడ్డ మీద వేసే రంగుల అద్దకం) వంటి చేతిపనులు అమ్ముకుంటూనే తమ పెయింటింగ్‌ను నిలబెట్టుకున్నారు. పెద్ద కాన్వాస్ ఆరునెలలు గోడ మీదే ఉండిపోయినప్పుడు అద్దె కట్టేది పెట్టెలోని ప్రింట్లే.

ప్రతి బొమ్మ పక్కనా ధర రాసి ఉండాలి. అడగడానికి మొహమాటపడేవారు అడగకుండానే వెళ్లిపోతారు, వాళ్లలో కొనగలిగినవాళ్లు ఎందరో. మూడు వాయిదాల్లో కట్టే వీలు కూడా ఉండాలి. మొదటి వాయిదా కట్టగానే బొమ్మ పక్కన అమ్ముడైందని చెప్పే ఎర్రచుక్క, చివరిది కట్టాక బొమ్మ ఇంటికి.

ఇక కలిసికట్టుతనం. అది ప్రారంభోత్సవం నాటి ప్రసంగాల్లో ఉండదు, వంతుల పట్టికలో ఉంటుంది. 20 మంది సభ్యులు, వారానికి 4 రోజులు, రోజుకు ఇద్దరు అనుకుంటే వారానికి 8 వంతులు. అంటే ఒక్కొక్కరికి రెండున్నర వారాలకు ఒకసారి. ఇది ఎవరికీ భారం కాదు. కానీ ఒకరు రాకపోతే తాళంచెవి దగ్గరున్నవాళ్లే ఆ వంతూ లాగుతారు. ఏడాది తిరిగేసరికి మొత్తం బరువు ముగ్గురి మీద పడుతుంది, ఆ ముగ్గురూ అలిసిపోయి తప్పుకుంటారు. రాలేనివారు తమ బదులు మనిషిని తామే చూసుకోవాలన్న నియమం మొదటిరోజే పెట్టుకోవాలి. డబ్బు కట్టి వంతు తప్పించుకునే వీలు మాత్రం ఇవ్వకూడదన్నదే మా మాట. అలా ఇస్తే ఉన్నవాళ్లు చెక్కు రాస్తారు, లేనివాళ్లు కాపలా కూర్చుంటారు.

ఇలాంటి గ్యాలరీల్లో మనసులు విరగడానికి బొమ్మల ఎంపిక కంటే డబ్బే ఎక్కువసార్లు కారణం. అమ్మకపు సొమ్మంతా ఒకే ఖాతాలో పడుతుంది. ఒక నెల అద్దెకు తక్కువైతే "వచ్చేనెల సర్దుదాం" అని చిత్రకారుడి వాటాలోంచి తీస్తారు. మూడు నెలలు తిరిగేసరికి గ్యాలరీ తన సభ్యులకే అప్పుపడుతుంది. అందుకే రెండు ఖాతాలు కావాలి. కమిషన్, చందా మాత్రమే గ్యాలరీ ఖాతాలోకి. చిత్రకారుల వాటా రెండోదాంట్లో, 30 రోజుల్లోగా చెల్లింపు. ఆ రెండో ఖాతాను అద్దె కోసం ఒక్కరోజు కూడా ముట్టుకోకూడదు.

ఏడాదికొకసారి సభ్యులు కానివారికీ గోడ ఇవ్వాలి. 1884లో పారిస్‌లో స్వతంత్ర కళాకారుల సంఘం జ్యూరీ (బొమ్మలు ఎంపిక చేసే కమిటీ) లేదు, బహుమతులు లేవు అన్న నియమంతోనే ప్రదర్శనలు మొదలుపెట్టింది. మనిషికొక్క బొమ్మ, 30 సెంటీమీటర్ల చదరానికి మించకూడదు అంటే చాలు, పేరున్నవారికీ మొదటిసారి పెట్టేవారికీ ఒకటే జాగా. ఎవరి బొమ్మను వారే వేలాడదీయకూడదు, మంచి చోటు కోసం తగవులు అక్కడే మొదలవుతాయి. ఇద్దరికి ఆ పని అప్పగించాలి. లెక్క సులువు: బొమ్మ మధ్యభాగం నేలనుంచి 145 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. 30 సెంటీమీటర్ల ఫ్రేమ్ అయితే అందులో సగం, అంటే 15 కలపండి. వెనక తీగను పైకి లాగిపట్టి, పై అంచుకూ తీగకూ మధ్య దూరం కొలవండి. అది 5 అయితే ఆ 5 తీసేయండి. మేకు 155 దగ్గర. బొమ్మలు దించిన సాయంత్రం ఆ రంధ్రాలకు పుట్టీ పూసేవారి పేర్లు కూడా ముందే పట్టికలో రాసి ఉండాలి.