నలుగురు పైడిరాజులు

మా ఇంట్లో టీవీ రిమోటే ఇంతవరకూ నా చేతికి రాలేదు. అలాంటి నాకు ఈ ఏడాది నర్సింగ్ కాలేజీలో లీడర్‌షిప్ పాఠం అప్పజెప్పారు. రేపు వార్డులు నడిపేది ఈ పిల్లలే కదా, బీఎస్సీ సిలబస్‌లో అదీ ఉంది. "చదివి వినిపించకమ్మా, చేయించు" అన్నారు ప్రిన్సిపల్ మేడమ్. సరేనని గుండె ఆగిన రోగిని కాపాడే డ్రిల్లు పెట్టాను.

ముందు రూల్స్ చెప్పాను. లీడర్ రోగి మీద చెయ్యి వెయ్యకూడదు, కాళ్ల వైపు నిలబడి అందర్నీ చూసుకోవాలి. 'ఎవరైనా ఆక్సిజన్ తెండి' అనకూడదు. పెళ్లిలో 'ఎవరైనా మంచినీళ్లు తెండర్రా' అని అరిచిన పెదనాన్న దాహంతోనే కూర్చుంటాడు. పేరు పెట్టి పిలవాలి. విన్నవాళ్లు ఆ మాట తిరిగి అప్పజెప్పాలి, పనయ్యాక అయిందని చెప్పాలి. కంట్రోల్ టవర్ చెప్పింది పైలట్లు తిరిగి చెప్తారే, అలాగ. క్లోజ్డ్ లూప్ అంటారు.

"మేడమ్, కాళ్ల వైపంటే ఎటు?" అంది ముందు వరస అమ్మాయి. నిజమే, మా బొమ్మ నడుం దాకానే ఉంది. గుమ్మం బయట విడిచిన నా చెప్పులు తెచ్చి, కాళ్లుండాల్సిన చోట పెట్టాను.

డ్రిల్లు మొదలైంది. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతున ఛాతీ నొక్కాలి. కుర్రాడు బాగానే నొక్కుతున్నాడు. చెప్పుల దగ్గర నిలబడి గట్టిగా కేకేశాను: "పైడిరాజూ! ఆక్సిజన్!"

ఇది విజయనగరం అన్న సంగతి మర్చిపోయాను. పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను తిరిగే మంగళవారం మూడు లాంతర్ల కూడలి దగ్గర ఆ పేరు పిలిస్తే సగం జనం వెనక్కి తిరుగుతారు. "ఆక్సిజన్ తెస్తున్నా మేడమ్!" అని మూడు గొంతులు ఒక్కసారే పలికాయి. ముగ్గురూ పరిగెత్తారు. అందులో ఛాతీ నొక్కుతున్నవాడూ ఉన్నాడు.

రోగి ఒంటరైపోయాడు. మిగతా పిల్లలు, తమ పేరు పిలవలేదు కాబట్టి, బుద్ధిగా నిలబడ్డారు. పాఠం బాగానే వంటబట్టింది. ఇక లీడరే మంచం మీదికి వంగి, లెక్క పైకి చెప్తూ నొక్కడం మొదలెట్టింది.

అప్పుడు గుమ్మంలో నాలుగో పైడిరాజు తల పెట్టాడు. క్యాంటీన్ పైడిరాజు.

"పిలిసేరేటి మేడమ్‌గారూ? టీలు ఎన్నండి?"

"ఇరవై ఎనిమిది... ఇరవై తొమ్మిది... ముప్పై!"

ముప్పై నొక్కుళ్లకు రెండు ఊపిర్లు. "రెండు!" అని అరిచి ఊపిరి పంపే బ్యాగు అందుకున్నాను.

"ముప్పై టీలు, అందులో రెండు పంచదార లేకండా. అంతేనాండి?"

ఆయాసంలో తలూపాను.

పది నిమిషాల్లో ట్రేతో వచ్చి "ముప్పై అయిపోయేయండి" అన్నాడు. అప్పటికి ముగ్గురు పైడిరాజులూ ఒకే సిలిండర్ పట్టుకుని గుమ్మంలో ఇరుక్కుని ఉన్నారు. వాళ్లని పక్కకి జరిపి, "మంచం మీద సెప్పులేటండి, తప్పు కదా" అని రోగి కాళ్లు తీసి బయట పెట్టాడు.

"డబ్బులు..." అన్నాను.

"మీ పేరెట్టే రాసేనండి."