‘ఫ్యాక్టరీ జీరో, 800 మీటర్ల గురి’: ఆ మెసేజ్ నమ్మకండి

తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లో పరుగు ప్రాక్టీస్ చేసే అగ్నివీర్ కుర్రాళ్ల ఫోన్లలో వారం రోజులుగా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. నేను పదిహేడేళ్లు ఇన్‌ఫాంట్రీలో చేసి వచ్చానని తెలిసి, “ఇది నిజమేనా సార్?” అని నాకూ చూపించారు. అందులో ఉన్నది ఇదీ: రైఫిల్ ఫ్యాక్టరీలోనే జీరో అయి (అంటే గురి పెట్టిన చోటే తూటా పడేలా సైట్ సరిచేసి) వస్తుంది, మళ్లీ చేయడం తూటాలు దండగ. 25 మీటర్ల టార్గెట్ మీద చేసే జీరో కంటితుడుపు. బుల్లెట్ బ్యారెల్ దాటాక దానంతటదే పైకి లేస్తుంది. అసలైన సైనికుడు 800 మీటర్లలో మనిషిని కొడతాడు, 300 అనేవాడికి గురి చేతకాదు.

నాకు కోపం తెప్పించింది ఆ చివరి మాట. ముందు దాని సంగతి చూద్దాం.

ఏకే-47 బ్యాక్‌సైట్ (కంటి వైపు ఉండే గాడి ఉన్న గురి పలక) మీద 1 నుంచి 8 దాకా అంకెలుంటాయి, ఒక్కో అంకె వంద మీటర్లకి గుర్తు. 800 అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. సైట్‌ని అంత దూరానికి సెట్ చేసుకోవచ్చని ఆ అంకె చెబుతుంది, అంతే. అక్కడ ఒక్క మనిషికి తగిలి తీరుతుందని చెప్పదు. అమేఠీ జిల్లా కోర్వాలో తయారయ్యే ఏకే-203 ఎఫెక్టివ్ రేంజ్ (నమ్మకంగా కొట్టగల దూరం) 300 మీటర్లని 2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వమే ప్రకటించింది.

నమ్మకం కుదరకపోతే మీరే చూడండి. బీచ్ రోడ్డు పక్కన ఉన్న కురుసుర సబ్‌మెరైన్ పొడవు సుమారు 91 మీటర్లు. అలాంటివి మూడింటిని వరసగా పెడితే వచ్చేదానికంటే కొంచెం ఎక్కువే 300 మీటర్లు. నిన్న ఒక కుర్రాడిని ఇసుకలో అంత దూరం నడిపించి, మిగతావాళ్ల చేతికి తలో అగ్గిపుల్ల ఇచ్చాను. ఒక కన్ను మూసి, చెయ్యి చాచి పుల్లని నిలువుగా పట్టుకోమన్నాను. అవతలి కుర్రాడు పుల్ల వెనక పూర్తిగా మాయమయ్యాడు. రెండు మిల్లీమీటర్ల పుల్ల అక్కడ దాదాపు 90 సెంటీమీటర్ల వెడల్పు కప్పేస్తుంది, మనిషి భుజాల వెడల్పేమో అర మీటరే. ఏకే ఫోర్‌సైట్ (బ్యారెల్ ముందు కొసన నిలబడి ఉండే గురి పుల్ల) మందం కూడా ఇంచుమించు అంతే. 800 మీటర్లంటే దగ్గర దగ్గర తొమ్మిది కురుసురలు. అక్కడ అదే పుల్ల వెనక నలుగురు పక్కపక్కన నిలబడొచ్చు.

పైగా శత్రువు టార్గెట్ బోర్డులా నిలబడి ఉండడు. గట్టు వెనక నుంచి తల ఎత్తి మళ్లీ దించేస్తాడు. పరిగెత్తి వచ్చి పడుకున్న మనకేమో ఊపిరి నిలవదు. 1952లో అమెరికా సైన్యం కోసం నార్మన్ హిచ్‌మన్ ఇచ్చిన నివేదిక కూడా యుద్ధంలో రైఫిల్ వాడకం ఎక్కువగా 300 గజాల లోపే, అంటే 275 మీటర్ల లోపే అని తేల్చింది. కొండల్లో, ఎదురెదురు శిఖరాల మీద లెక్క మారుతుంది, నిజమే. అలాంటి చోట్లకి 7.62×51 లాంటి పెద్ద తూటా వాడే రైఫిళ్లు పనికొస్తాయి. అలాంటివే అయిన సిగ్-716 రైఫిళ్లు 72,400 మన త్రివిధ దళాల కోసం 2019లో ఆర్డర్ చేశారు.

బుల్లెట్‌కి రెక్కల్లేవు, దానంతటది లేవదు. బ్యారెల్ వదిలిన క్షణం నుంచే పడుతూ ఉంటుంది. ఏకే తూటాకి 300 మీటర్లు చేరడానికి సుమారు అర సెకను పడుతుంది, ఆ కాస్తలోనే మీటరుకి పైగా దిగిపోతుంది. అందుకే సైట్ల గుండా సాగే మన చూపు గీత కంటే బ్యారెల్ కొద్దిగా పైకి చూసేలా అమర్చి ఉంటుంది. బౌండరీ దగ్గర ఫీల్డర్ బంతి కీపర్ చేతుల్లో పడాలని కాస్త పైకి విసిరినట్టే. అలా వెళ్లే తూటా మన చూపు గీతని దగ్గర్లో ఒకసారి దాటి పైకి వెళ్తుంది, దూరాన మళ్లీ ఒకసారి కిందకి దాటుతుంది.

25 మీటర్ల జీరో వెనక ఉన్నది ఈ లెక్కే: దగ్గర్లో దాటే చోటు సరిచేస్తే దూరాన దాటే చోటు కూడా కుదురుతుంది. అమెరికా సైన్యం ఎం-16 రైఫిళ్లని దశాబ్దాల పాటు 25 మీటర్ల టార్గెట్ మీదే 300 మీటర్లకి సరిపెట్టింది. మెసేజ్‌లో ఒక పావు వంతు నిజం ఉందంటే ఇక్కడే: దగ్గర్లో ఒక సెంటీమీటరు తేడా వస్తే 300 దగ్గర అది 12 సెంటీమీటర్లవుతుంది. కాబట్టి వీలున్నప్పుడు దూరాన కూడా కాల్చి సరిచూసుకోవాలి.

ఫ్యాక్టరీలో పరీక్షించి పంపే మాట వాస్తవమే. కానీ బట్ మీద చెంప ఆనించే తీరు, కన్ను పెట్టే చోటు, పట్టు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటాయి. పక్కవాడి రైఫిల్‌తో కాల్చి చూడండి, గ్రూపు (తూటాలన్నీ దగ్గర దగ్గరగా పడటం) బాగానే వస్తుంది, పడేది మాత్రం ఇంకోచోట. ముందు గ్రూపు కుదరాలి, ఆ తర్వాతే సైట్ మీద చెయ్యి వేయాలి.

తూటాలు కిందకి పడుతుంటే ఫోర్‌సైట్‌ని ఏం చేయాలని అడిగితే, “ఎత్తాలి సార్” అన్నారు కుర్రాళ్లందరూ. దించాలి. ఫోర్‌సైట్ టిప్ పొట్టిదైతే దాన్ని మళ్లీ బ్యాక్‌సైట్ గాడి అంచుకి తేవడానికి మనం బ్యారెల్ మూతి ఎత్తుతాం, తూటా పైకి వెళ్తుంది. ఏకే మీద ఫోర్‌సైట్‌ని ఒక చుట్టు పూర్తిగా తిప్పితే తూటా పడే చోటు వంద మీటర్ల దగ్గర 20 సెంటీమీటర్లు మారుతుంది, 300 దగ్గర 60.